ఏమీ జరగని ఫర్నేసు

పరాంకుశం గారు తాపలోహ కర్మాగారానికి మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చేనాటికి లోహాల గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే: వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. అంతకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఇద్దరికి ఆ మాత్రం కూడా తెలియదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఆయన కీర్తి సంపాదించింది వేరే చోట. అంతకు ముందు పనిచేసిన జిల్లాలో పదకొండు వేల పెండింగు ఫైళ్లను నలభై రోజుల్లో ఒక్కటీ లేకుండా చేశారు. ఉపాయం సులువైనదే. ఏ బల్ల మీద ఫైలు కనిపించినా నాలుగు గంటల్లోపు ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి పక్క బల్లకు పంపాలి. పక్క బల్లవాడు దాని పక్క బల్లకు పంపాలి. ఆ ఫైళ్లు ఇప్పటికీ ఆ జిల్లాలో ప్రదక్షిణాలు చేస్తూనే ఉన్నాయి. కానీ ఎక్కడా ఆగలేదు. ఆగకపోతే పెండింగు కాదు. దానికి ఆయనకు పతకం ఇచ్చి, హైదరాబాదు శివార్లలో ఉన్న ఈ కర్మాగారానికి పంపారు.

వచ్చిన వారానికే ‘శూన్య నిలుపుదల ఉద్యమం’ మొదలైంది. గేటు లోపలికి రాగానే కనిపించేలా గోడంత తెర ఒకటి పెట్టించి దానికి ‘గమనదర్శిని’ అని పేరు పెట్టారు. కర్మాగారంలో ఏ పనైనా, ఏ వస్తువైనా, ఏ కాగితమైనా నాలుగు గంటల్లోపు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలితే ఆకుపచ్చ. కదలకపోతే ఎరుపు. కమిటీ చేతిలో ఉంటే నీలం. నీలానికి గడువు లేదు. ఎందుకంటే నిదానంగా ఆలోచించడానికే కమిటీలు వేస్తారని ఆయన అభిప్రాయం.

మొదటి ఎరుపు క్యాంటీన్‌కు పడింది. ఈదమ్మ ఇడ్లీ పిండి రుబ్బి పులియడానికి రాత్రంతా వదిలేస్తుందని, అంటే పన్నెండు గంటలు ఎలాంటి చర్యా లేకుండా నిలుపుతోందని తేలింది. అప్పటి నుంచి నాలుగు గంటల్లో రుబ్బి, నాలుగు గంటల్లో ఉడికించి పెడుతోంది. ఆ ఇడ్లీలను తినడానికి కార్మికులు యంత్రాల విభాగం నుంచి పనిముట్లు తెచ్చుకుంటున్నారని ఒక పుకారు ఉండేది గానీ అందులో సగమే నిజం. ప్రసూతి సెలవు మీద వెళ్లిన టైపిస్టు పేరు ఆర్నెల్ల పాటు ఎర్రగా వెలిగితే, పని త్వరగా ముగించమని ఇంటికి రిమైండరు వెళ్లింది.

వీటి మధ్య, ఉష్ణ విభాగంలో మూడో నంబరు ఫర్నేసు ఎర్రబడింది. లోపల కాదు, తెర మీద. లోపల అది ముప్పై ఏళ్లుగా ఎర్రగానే ఉంది.

ఆ విభాగానికి ఫోర్‌మన్ కట్టోజు సోమాచారి. తాత కమ్మరి, తండ్రి కమ్మరి, తాను ఫోర్‌మన్. ఫర్నేసు తలుపు సందులోంచి వచ్చే వెలుగు చూసి లోపల ఎన్ని డిగ్రీలుందో చెప్పగలడు. మీటరుకూ ఆయనకూ తేడా వస్తే మీటరును రిపేరుకు పంపడం అక్కడి ఆనవాయితీ. మనిషి మెతక. ఇంట్లో కూర ఉప్పగా ఉన్నా తినేసి మజ్జిగ ఎక్కువ పోసుకునే రకం. లోహం దగ్గర మాత్రం ఒక్క డిగ్రీ దగ్గర కూడా బేరం లేదు.

అప్పుడు మూడో నంబరులో ఉన్నవి అరవై బ్లేడ్లు, అసలువాటికి ముందు చేసి చూసుకునే నమూనాలు. హెలికాప్టరు మీద తిరిగే పెద్ద రెక్కలు కావు. ఇంజను కడుపులో, మంటల మధ్య, కంటికి ఆనని వేగంతో తిరిగేవి. చిక్కుడుకాయంత ఉంటాయి. నికెల్, అల్యూమినియం కలిపి పోసిన లోహం. పంక్తి భోజనంలో ఎవరి విస్తరి ముందు వాళ్లు కూర్చున్నట్టు ఆ రెండు లోహాల అణువులూ లెక్క తప్పకుండా కూర్చుంటాయి కనుక ఎంత మంటలోనైనా పట్టు వదలవు. అయితే ఆ పట్టు పోత పోయగానే రాదు. ముందు బాగా కాల్చి, గభాలున చల్లార్చి, మళ్లీ ఎనిమిది వందల డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటలు కదపకుండా ఉంచాలి. కర్మాగారంలో దాన్ని ఏజింగ్ అంటారు. బయటి నుంచి చూస్తే ఆ ఇరవై నాలుగు గంటల్లో ఏమీ జరగదు. ఒక ఇనుప తలుపు ఉంటుంది, దాని ముందు ఒక స్టూలు ఉంటుంది, స్టూలు మీద సోమాచారి ఉంటాడు.

ఆ రకం బ్లేడ్లు కావలసింది వరద సహాయ హెలికాప్టరుకు. నడిపేది కెప్టెన్ సువార్త, కొవ్వూరు మనిషి. కిందటేడు గోదావరి పొంగినప్పుడు డాబాల మీద చిక్కుకున్న పందొమ్మిది మందిని తాడు వేసి లాక్కొచ్చింది. చివరి ట్రిప్పులో ఇంజను పాత బ్లేడ్లు సాగిపోయి, హెలికాప్టరును ఒక చెరుకు తోటలో దించాల్సి వచ్చింది. కొత్తవి వేస్తేగానీ అది లేవదు. వేసవిలో ఆమె కర్మాగారానికి వచ్చి, ఆఫీసులో కూర్చోకుండా నేరుగా మూడో నంబరు దగ్గరికే వచ్చింది.

“జూలైకల్లా కావాలండి చారి గారూ. గోదారి మన కోసం ఆగదు కదండీ.”

“అయితయమ్మా. మంచిగ ఒక దినం నానవెట్టినట్టు పెడితే అయిపాయె.”

“తొందరేం పడొద్దండి. వాటి మీదే కదా నేను కూర్చునేది.”

ఆమె ఆ మాట నవ్వుతూనే అంది. సోమాచారి నవ్వలేదు. ఆయన ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నో బ్లేడ్లు చేశాడు గానీ, వాటి మీద కూర్చునే మనిషి ఇలా ఎదురుగా వచ్చి నిలబడటం అదే మొదలు.

తెర మీద ఎరుపు పడిన గంటలోపే పిలుపు వచ్చింది. డైరెక్టరు గదిలో పరాంకుశం గారు, పక్కన హరనాథ్. హరనాథ్ హోదా జాయింట్ మేనేజర్, గమన వేగం. అంతకు ముందు ఆయన స్టోర్సులో మేకులు లెక్కపెట్టేవాడు.

“మూడో నంబరు ఫర్నేసునందు అరవై వస్తువులు ఉదయం నుండి నిష్క్రియగా నిలిచియున్నట్లు గమనదర్శిని ద్వారా మా దృష్టికి వచ్చినది,” అన్నారు పరాంకుశం గారు. ఆయన మామూలు మాట కూడా సర్క్యులరు చదివినట్టే ఉండేది. ఇంట్లో కూడా అంతేనని, కాఫీ కావాలంటే ‘సరఫరా చేయగలరు’ అంటారని డ్రైవరు చెప్పేవాడు. “దీనిపై మీ వివరణ?”

“నిలువలేదు సార్. లోపట పని అయితుంది.”

“ఎవరు చేయుచున్నారు?”

సోమాచారి కాస్త ఆలోచించాడు. “లోహమే చేసుకుంటది సార్. అండ్ల సన్నటి రవ్వ లేస్తది. కంటికి కానరాదు, పెద్ద మైక్రోస్కోపుల చూస్తెనే కనపడ్తది. ఆ రవ్వ అడ్డం ఉంటది గనకనే లోహం సాగదు, గట్టిగైతది. ఇరువై నాలుగు గంటలు పడ్తది. ముందు తీస్తే రవ్వ సరిగ లేవదు. ఎక్కువ సేపు ఉంచితే రవ్వంతా ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉప్మాల లెక్క ఉండలు గడ్తది. అప్పుడు గూడ మెత్తనైతది.”

“ఇప్పటికి ఎంత శాతం రవ్వ పరిష్కరింపబడినది?” అడిగాడు హరనాథ్, పెన్ను తెరిచి.

“గట్ల చెప్పరాదు సార్.”

“పర్యవేక్షణాధికారి లేకుండా, లక్ష్యము లేకుండా, ప్రగతి నివేదిక లేకుండా ఒక ప్రక్రియ ఇరవై నాలుగు గంటలు జరుగుచున్నదని మీరు చెప్పుచున్నారు,” అన్నారు పరాంకుశం గారు బాధగా. “దానినే మేము నిలుపుదల అందుము.”

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఉష్ణ విభాగంలో ఆరు ఫర్నేసులున్నాయి. ఒక్కోదానిలో బ్లేడ్లు నాలుగు గంటలు మాత్రమే ఉండాలి. తర్వాత పక్కదానికి పోవాలి. సోమాచారి కాగితం రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకున్నాడు. ఆరు నాలుగులు ఇరవై నాలుగే. అన్నీ ఎనిమిది వందల డిగ్రీల్లోనే పెట్టి, గబగబా మారిస్తే లోహానికి పెద్ద నష్టమేమీ లేదు. మనుషులకు చేతులు కాలుతాయి, అంతే. నమూనా బ్లేడ్లతో రెండు ప్రయోగాలు చేసి చూశాడు. బాగానే వచ్చాయి. తెర పచ్చగా మెరిసింది. ఉష్ణ విభాగాన్ని ఆదర్శ విభాగంగా ప్రకటించి స్టూలుకు రంగు వేయించారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ హరనాథ్‌కు లెక్కలంటే ఇష్టం. ఆరు ఫర్నేసులు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు పనిచేయాలి? ఒకటి పనిచేస్తుంటే అయిదు ఖాళీగా నిలుపుదలలో ఉన్నాయి కదా? అరవై బ్లేడ్లనూ పదేసి చొప్పున ఆరింటిలోనూ ఒకేసారి పెడితే, ఆరు ఫర్నేసులు, నాలుగేసి గంటలు, మొత్తం ఇరవై నాలుగు గంటలు. నాలుగు గంటల్లో పని పూర్తి. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు, లెక్క లెక్కగానే ఉంది.

సోమాచారి పరుగున వెళ్లాడు. “సార్, ఒక్కో బ్లేడుకు నాలుగు గంటలే అందుతది.”

“మొత్తం చూడండి చారి గారూ, మొత్తం. మీరెప్పుడూ ఒక్కో బ్లేడు కోణంలోంచే ఆలోచిస్తారు.”

“హెలికాప్టర్ల తిరిగేది గూడ ఒక్కో బ్లేడే గద సార్.”

“అది వినియోగదారుల పరిధి,” అన్నాడు హరనాథ్.

సువార్త కోసం పోసి దాచిన అసలు అరవై బ్లేడ్లనూ ఆ లెక్క ప్రకారమే నాలుగు గంటలు కాల్చి బయటికి తీయించారు. గట్టిదనం కొలిచే యంత్రం వజ్రపు మొనతో బ్లేడును నొక్కి ఎంత గుంట పడిందో చూసి అంకె చెబుతుంది. నలభై రావాలి. ఇరవై తొమ్మిది వచ్చింది. ఒక్క బ్లేడుకు కాదు, అరవైకీ అంతే. పంపకం పత్రం మీద ఫోర్‌మన్ సంతకం కావాలి. సోమాచారి పెట్టలేదు. ఉప్పు కూరలన్నీ మాట్లాడకుండా తిన్న మనిషి ఆ రోజు డైరెక్టరు ఎదుట నిలబడి, “నేను పెట్ట సార్. ఆ అమ్మ దీని మీద ఎక్కుతది,” అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా మాట మారలేదు.

పరాంకుశం గారికి కోపం రాలేదు. కోపం కూడా ఒక రకమైన నిలుపుదల అని ఆయన నమ్మకం. వెంటనే కమిటీ వేశారు. ‘ఉద్యమ ఫలితములకును లోహ ఫలితములకును మధ్య తలెత్తిన అభిప్రాయభేదమును పరిశీలించు కమిటీ’ దాని పేరు. అధ్యక్షుడు చేపల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. విచారణ పూర్తయ్యేదాకా యథాతథ స్థితి కొనసాగాలని, అంటే వివాదం తలెత్తినప్పుడు బ్లేడ్లు ఎలా ఫర్నేసులో వేడి మీద ఉన్నాయో అలాగే ఉండాలని, కమిటీ అనుమతి లేకుండా తలుపు తీసినవాళ్లను సాక్ష్యం చెరిపిన నేరం కింద ఉద్యోగం నుంచి తీసేస్తామని ఉత్తర్వు.

అరవై బ్లేడ్లనూ మళ్లీ మూడో నంబరులో, ఎనిమిది వందల డిగ్రీల్లో పెట్టించారు. తలుపుకు లక్కతో సీలు వేశారు. లక్క కరిగి కారిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ కారింది. మూడోసారి హరనాథ్ బాగా ఆలోచించి సీలును ఫర్నేసు పక్కనున్న గోడకు వేయించాడు. అది చెక్కుచెదరలేదు.

సోమాచారి మాత్రం లోలోపల సంబరపడ్డాడు. నాలుగు గంటలు అయిపోయాయి కదా, ఇంకో ఇరవై గంటలు లోపలుంటే లెక్క సరిపోతుంది. దేవుడే కమిటీ రూపంలో వచ్చాడనుకున్నాడు. స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. రెండో రోజు పొద్దున పదకొండు గంటలకు ఇరవై నిండుతాయి. పది గంటలకే వెళ్లి హరనాథ్ గది ముందు నిలబడ్డాడు.

“ఇంకో గంటల తియ్యాలె సార్. రవ్వ మంచిగ లేచి ఉంటది. గిప్పుడు తీస్తే నలభై వస్తది. కమిటీవాళ్లను ఒక్క మాట అడగండి.”

“అడుగుదాం. మొదటి సమావేశం వచ్చే బుధవారం.”

“అండ్ల అడుగుతరా?”

“అందులో రెండో సమావేశం తేదీ నిర్ణయిస్తారు.”

“తెర మీద ఎర్రవడదా సార్?”

“కమిటీ చేతిలో ఉంది కదా. నీలం,” అన్నాడు హరనాథ్ ఓపికగా.

సోమాచారి తిరిగి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు. సీలు గోడకుంది. తలుపుకు ఏమీ లేదు. పిడి పట్టి లాగితే తెరుచుకుంటుంది. సందులోంచి వస్తున్న వెలుగు సరిగ్గా ఉండాల్సిన రంగులో ఉంది. లోపల అరవై బ్లేడ్లు, బహుశా తన జీవితంలో చేసిన అన్నిటికంటే మంచివి, తీయమని అడుగుతున్నట్టే ఉన్నాయి. పిడి మీద చెయ్యి వేశాడు. పదకొండయింది. పదకొండున్నరయింది. చెయ్యి తీసేశాడు. ఆ రోజు సోమాచారికి భయమేసింది. దానికి వేరే పేరు పెట్టాల్సిన పనిలేదు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండానే లేచాడు.

కమిటీ నలభై ఒక్క రోజులు పనిచేసింది. ఏడుసార్లు సమావేశమైంది. రవ్వ అనే పదానికి కార్యాలయ భాషలో సమానార్థకం ఏమిటన్న దాని మీద రెండు సమావేశాలు సరిపోయాయి. ‘సూక్ష్మ అవక్షేపము’ అని తేల్చారు. అధ్యక్షులవారు చేపల శాఖ అనుభవంతో, అవక్షేపం అంటే అడుగున పేరుకునేది కాబట్టి బ్లేడ్లను తలకిందులు చేస్తే పైకి రావచ్చునేమోనని ఒక విలువైన సూచన చేశారు. ఈలోగా ఫర్నేసు మండుతూనే ఉంది. సోమాచారి రోజూ వచ్చి వెలుగు చూసి వెళ్లేవాడు. లోపల రవ్వలు ఒకదాన్నొకటి మింగి ఉండలు కడుతున్నాయని ఆయనకు తెలుసు. తెర మీద మూడో నంబరు ప్రశాంతంగా నీలంగా ఉంది.

నలభై రెండో రోజు అందరి ఎదుట తలుపు తెరిచారు. చల్లారాక బ్లేడును యంత్రం కింద పెట్టి నొక్కారు. అంకె చూసి హరనాథ్ ఆనందం పట్టలేకపోయాడు.

ఇరవై తొమ్మిది.

కమిటీ నివేదిక ఆ మధ్యాహ్నమే తయారైంది. పరాంకుశం గారు అందరినీ సమావేశపరిచి స్వయంగా చదివారు. “ఫర్నేసునందు ఉంచుటకు పూర్వము గట్టిదనము ఇరవై తొమ్మిది. నలభై ఒక్క దినములు ఉంచిన పిదప ఇరవై తొమ్మిది. కావున ఫర్నేసునందు నలభై ఒక్క దినముల పర్యంతము ఏమియు జరుగలేదని నిస్సందేహముగా రుజువైనది. నలభై ఒక్క దినములలో జరుగనిది ఇరవై నాలుగు గంటలలో జరుగునని భావించుట హాస్యాస్పదము.”

“సార్, నడుమ నలభైకి పోయింది,” అన్నాడు సోమాచారి. “పోయి మళ్ల దిగింది. ఎక్కిందీ దిగిందీ ఎవరు చూడలే గని.”

“రికార్డునందు లేదు,” అన్నారు పరాంకుశం గారు.

ఆ సాయంత్రం నుంచి ఏజింగ్ అనే పని రద్దయింది. ఆరు ఫర్నేసులనూ జాబితాలోంచి కొట్టేశారు. మూడో నంబరు తలుపు పక్కన గోడకు, పాత సీలు కింద, ‘ఇందు ఏమియు జరుగదు’ అని బోర్డు పెట్టించారు. గమనదర్శిని మీంచి ఉష్ణ విభాగం గడి మాయమైంది. లేని విభాగానికి ఎవర్ని పంపాలో తెలియక సోమాచారిని అక్కడే ఉండమన్నారు. కరెంటు తీసేయాలంటే ఫర్నేసు ఉన్నట్టు ఒప్పుకుని అర్జీ పెట్టాలి కాబట్టి కరెంటు కూడా అలాగే ఉంది. బ్లేడ్లను మళ్లీ కాల్చనవసరం లేకుండా, ఉన్నవి ఉన్నట్టు శుక్రవారం పంపించమని ఆజ్ఞ. ఆ రోజు సోమవారం.

సోమాచారికి సంగతి అర్థం కావడానికి ఓ పూట పట్టింది. అర్థమయ్యాక స్టూలు మీద కూర్చుని ఒక్కడే చాలాసేపు నవ్వాడు. ఆయన ఫర్నేసు లేదు. అందులో ఏమీ జరగదు. జరగని పని పెండింగు కాదు.

లోహంలో ఒక మంచి గుణముంది. ఉండలు కట్టినా మళ్లీ బాగా కాలిస్తే ఆ ఉండలన్నీ కరిగి మొదటికొస్తుంది. మనుషుల్లో ఆ సౌకర్యం తక్కువ. సోమాచారి అరవై బ్లేడ్లనూ లోపలి ఉండలు కరిగేదాకా ఎర్రగా కాల్చి, చల్లార్చి, మంగళవారం పొద్దున ఎనిమిదింటికి మూడో నంబరులో పెట్టి తలుపు వేశాడు. హరనాథ్ ఆ దారినే రెండుసార్లు పోయాడు. సందులోంచి వెలుగు వస్తోంది, వేడి ముఖానికి కొడుతోంది. ఆయన బోర్డు చదువుకుని, తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు. బుధవారం పొద్దున ఎనిమిదింటికి సోమాచారి పిడి పట్టి లాగాడు. ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు.

శుక్రవారం సువార్త తన కొలిచే యంత్రం తనే తెచ్చుకుంది. డైరెక్టరు ఎదుటే ఒక్కో బ్లేడూ నొక్కి చూసింది. నలభై. నలభై ఒకటి. నలభై. హరనాథ్ ముఖం పాలిపోయింది. పరాంకుశం గారు మాత్రం కనురెప్ప వేయకుండా, “అనవసర జోక్యము తొలగించినచో లోహము స్వయముగా దృఢపడునని మేము ముందే ఊహించితిమి,” అన్నారు. సోమాచారి నేల చూపులు చూస్తూ సంతకం పెట్టాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఆ అరవైనీ సాక్ష్యం కింద మళ్లీ లోపల పెడతారని భయం.

ఆ జూలైలో గోదావరి రెండుసార్లు పొంగింది. సువార్త నలభై మూడు మందిని తెచ్చింది. పేపర్లో హెలికాప్టరు ఫోటో వస్తే సోమాచారి దాన్ని కత్తిరించి స్టూలు కింద అంటించుకున్నాడు. లేని విభాగంలో గోడకు అంటించడం బాగుండదని.

ఆగస్టు చివర సన్మాన సభ పెట్టారు. వేడి చేయకుండానే గట్టిపడే బ్లేడ్లు తయారుచేసినందుకు పరాంకుశం గారికి పెద్ద శాలువా. లేని విభాగం నుంచి సహకరించినందుకు సోమాచారికి చిన్న శాలువా. ముందు వరసలో సువార్త కూర్చుంది. సభ మొదలయ్యే ముందు ఆమె పక్కకొచ్చి పలకరించింది.

“మీ బ్లేడ్లు బంగారమండి చారి గారూ. అన్నట్టు మా రెండో హెలికాప్టరు కూడా రెడీ అయిపోయిందండి. దానివి వేరే ఫ్యాక్టరీలో చేయించారు. మీ పద్ధతిలోనే.”

“ఏ పద్ధతమ్మా?”

“అదేనండి, మీ డైరెక్టరు గారు అన్నిచోట్లకీ రాసి పంపిన పద్ధతి. కొలిమి లేకుండా. ఇప్పటికి పదకొండు ఫ్యాక్టరీలు అందుకున్నాయంట. ఎల్లుండి మా కుర్రాళ్లు దాన్ని లేపుతున్నారు.”

తను తలుపు చాటున చేసిన మంచి పని ఇలా కాళ్లొచ్చి పదకొండు ఊళ్లు తిరుగుతుందని సోమాచారి అనుకోలేదు. అక్కడ ఫర్నేసులు నిజంగానే ఆగిపోయి ఉంటాయి. బోర్డు చదివి నమ్మేవాళ్లే ఉంటారు. తప్పు పరాంకుశం గారిదొక్కటే కాదు, నోరు మూసుకున్న తనది కూడా. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఏదో అనబోయేంతలో హరనాథ్ వచ్చి చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయాడు.

శాలువాలు కప్పారు. పరాంకుశం గారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఆఖర్న సోమాచారిని రెండు ముక్కలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

“నాకు మాట్లాడరాదు,” అన్నాడు సోమాచారి. “ఒక్కటే చెప్త. ఆ బ్లేడ్లు ఊకెనే గట్టివడలే. నేను దొంగతనంగ ఫర్నేసుల వెట్టిన. ఎనిమిది వందల డిగ్రీలు, ఇరువై నాలుగు గంటలు. పెట్టకుంటే ఇరువై తొమ్మిదే. కెప్టెనమ్మా, ఆ రెండో దాన్ని లేపకుండ్రి.”

పరాంకుశం గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. “కార్మికుని వినయము,” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక కుర్చీ మాత్రం ఖాళీ అయింది. సువార్త అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని తలుపు దాటుతోంది.

మర్నాడు పొద్దున సోమాచారికి మెమో అందింది. లేని ఫర్నేసునందు, రద్దయిన పనిని, అనుమతి లేకుండా, ఇరవై నాలుగు గంటల జాప్యముతో చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో నాలుగు గంటల్లోపు సంజాయిషీ ఇవ్వవలెను. చర్య తీసుకోవడానికి ఫర్నేసు ఉన్నట్టు ముందు ఒప్పుకోవాలి గనుక దాని మీద ఇంకో కమిటీ వేశారు. సోమాచారి ఇప్పుడు తెర మీద నీలంగా ఉన్నాడు. కమిటీ తేల్చేదాకా ఆయన్ను తీసేయడానికి లేదు, ఉంచడానికీ లేదు. ఆయన రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుంటున్నాడు.

మెమో వచ్చిన రోజు మధ్యాహ్నం సువార్త ఫోను చేసింది. గొంతు అలసిపోయి ఉంది.

“ఇంజను విప్పించామండి. అరవై బ్లేడ్లూ నేనే నొక్కి చూశాను.”

“ఎంతొచ్చిందమ్మా?”

“ఇరవై తొమ్మిదండి.”

సోమాచారి స్టూలు గోడ దగ్గరికి జరుపుకుని, ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“అన్నం తిన్నవా అమ్మా?” అని అడిగాడు ఆయన.